ఊఁ కొట్టిన డబ్బా

లింగస్వామి ఎవరినీ "వచ్చిందా?" అని అడగడు. "ఏం వచ్చింది?" అని అడుగుతాడు. యాభై నాలుగేళ్ల మనిషికి ఇది పని నేర్పిన జాగ్రత్త అనుకుంటారు కోదాడలో. నిజానికి ఇది మిర్యాలగూడలో వాళ్లమ్మ నేర్పినది.

వాళ్లమ్మ జానమ్మ కూలికి పల్లికాయ తెచ్చి అరుగు మీద గుమ్మరించేది. వాడకట్టు పిల్లలంతా చుట్టూ చేరితే, ఒలుపు సాగడానికి కథ ఎత్తుకునేది. వినేవాళ్లు ఊఁ కొట్టాలి, లేకపోతే కథ ఆగుతుంది. పిల్లలు గడుసుతనం నేర్చి, చెవులు ఎక్కడో పారేసుకుని నోటితో మాత్రం ఊఁ కొట్టేవాళ్లు. జానమ్మ దానికి విరుగుడు కనిపెట్టింది. రాజుగారు వేటకు పోతున్న చోట ఉన్నట్టుండి గొంతు మార్చకుండా, "అప్పుడు రాజు తన చెప్పులు రెండూ పప్పుల ఏసి తాలింపు పెట్టిండు" అనేది. దానికి కూడా "ఊఁ" అన్నవాడి ముందు ఇంకో చాటెడు కాయ వచ్చి పడేది. చిన్న లింగస్వామి ఆ విధంగా ఎన్ని చాటలు ఒలిచాడో! వేళ్ల చివర్లు మొద్దుబారాకగానీ బుద్ధి రాలేదు.

ఆ వేళ్లతోనే పెద్దయ్యాక స్తంభాలెక్కి ల్యాండ్‌లైన్ తీగలు లాగాడు. ఆ ఫోన్లు మూగబోయాక ఇంటింటికీ కేబుల్ టీవీ బిగించాడు. ఇప్పుడు కోదాడలో వినయ్ అనే కుర్రాడు పెట్టిన చిన్న ఇంటర్నెట్ కంపెనీలో తీగలేని పని. గుట్ట మీద ఒక డబ్బా, ఊళ్లో ఒక డబ్బా, మధ్యలో గాలి. బొమ్మనో మాటనో వేల ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో నంబరు వేసి ఈ డబ్బా విసురుతుంది. ఆ ముక్కల్నే ప్యాకెట్లంటారు. అవతలి డబ్బా పట్టుకుని, అందిన దానికల్లా ఊఁ కొడుతుంది. ఊఁ రాని ముక్కను ఇది మళ్లీ విసురుతుంది. క్షణంలో ఇలాంటివి లక్ష. లింగస్వామికి ఇదంతా మొదటిసారి చెప్పినప్పుడు వినయ్ బోర్డు మీద బాణాలు గీశాడు. "బాణాలు గీయకు బాబూ, నాకు మా అరుగు కనబడుతుంది" అన్నాడు లింగస్వామి.

ఇక అసలు సంగతి. మఠంపల్లి దాటాక గుట్ట వెనక ఒక తండా ఉంది. అక్కడి ఆరోగ్య కేంద్రంలో నర్సు పుష్పాబాయి. చక్కెర జబ్బున్న వాళ్ల కంటి లోపలి పొరను ఫొటో తీసే మిషన్ కోసం రెండేళ్లు తిరిగి సాధించుకుంది. ఇక్కడ ఆమె మిషన్ పట్టుకుంటే, సూర్యాపేటలో డాక్టర్ నరేందర్ తెర మీద చూస్తూ చెబుతాడు. తండా వాళ్లకు ఒక రోజు కూలీ పోగొట్టుకుని రెండు బస్సులు మారే బాధ తప్పుతుంది. కానీ మిషన్ వచ్చిన నెల నుంచీ బొమ్మ సగంలో గడ్డకట్టుకుపోతోంది, లేదంటే గళ్లు గళ్లుగా విరిగిపోతోంది. శనివారం ఇరవై మందిని చూడాలి. ఆ రోజూ ఇంతే అయితే మిషన్‌ను వేరే ఊరికి తరలిస్తామని పైనుంచి కాగితం వచ్చింది. "లైను సంగతి నాకొదిలెయ్ పుష్పమ్మా" అని మాటిచ్చాడు లింగస్వామి. ఆ కాగితం వచ్చింది మంగళవారం.

బుధవారం పొద్దున వినయ్ కంప్యూటర్ తిప్పి చూపించాడు. "చూడండి అంకుల్, అన్నీ గ్రీనే. ఒక్క ప్యాకెట్ కూడా పోలేదంటుంది. తప్పు మిషన్‌లోనే ఉంటుంది."

"పోలేదని ఎవరంటున్నరు?"

"మన డబ్బాలే."

"ఊఁ కొట్టినోన్నే సాక్ష్యం అడిగితె ఎట్ల బాబూ" అని లింగస్వామి ఫోన్ తీశాడు.

ఆరోగ్య కేంద్రం పల్లంలో ఉంది కాబట్టి అక్కడి డబ్బాకు కోదాడ దిక్కు కనబడదు. అందుకని ఎత్తు మీదున్న బిచ్చా ఇంటి డాబాపై రెండు డబ్బాలు పెట్టారు. ఒకటి కేంద్రం వైపు చూస్తూ అందుకుంటుంది, రెండోది కోదాడ వైపు అందిస్తుంది. రెంటికీ మధ్య మూరెడు తీగ. బిచ్చా పుష్పాబాయికి మామ, అరవై ఐదు దాటిన పెద్దమనిషి. పని మీద ఫోన్ చేసిన వాళ్లకు లేదు, కాదు అని చెప్పడం మర్యాద కాదనుకునే తరం.

"బిచ్చన్నా, డాబా మీదికి పోయినవా? లైట్లు ఎలుగుతున్నయా?"

"ఎలుగుతున్నయ్ సారూ."

"ఏ రంగు?"

"అన్నీ ఆకుపచ్చనే సారూ."

లింగస్వామి జానమ్మ గొంతు తెచ్చుకున్నాడు. "మరి నాలుగో లైటు నీలంగ ఎలగాలె, ఎలుగుతుందా?"

"ఆఁ, నీలంగనే ఎలుగుతుంది సారూ. మస్తుగ ఎలుగుతుంది."

డబ్బాకు ఉన్నవి మూడే లైట్లు. లింగస్వామి ఫోన్ పెట్టేసి బండి తాళం తీసుకున్నాడు. వినయ్ పగలబడి నవ్వాడు గానీ, ఆయన నవ్వలేదు. చాటలు ఒలిచినవాడికి ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు.

తండాలో ల్యాప్‌టాప్ తెరిచి, నంబర్లు వేసిన వెయ్యి ప్యాకెట్లను కేంద్రం నుంచి కోదాడ దాకా పంపాడు. డబ్బాల్ని నమ్మకుండా, చిట్టచివర ఆఫీసు కంప్యూటర్నే అడిగాడు ఏ నంబర్లు వచ్చాయని. నిదానంగా పంపితే వెయ్యికి వెయ్యి. జోరుగా పంపితే నూట పదహారు మాయం. అవీ చెదురుమదురుగా కాదు, గుంపులు గుంపులుగా. ఇన్నేళ్ల లెక్కలో ఆయనకు తెలిసింది ఏమిటంటే, గాలి మింగితే సాధారణంగా అక్కడొకటి అక్కడొకటి మింగుతుంది. గుంపుగా పోయాయంటే ఎక్కడో ఇరుకుంది.

సాగర్ కాలువ కింద బతికే వాళ్లకు దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. కాలువ నిండుగా వస్తుంది, పొలానికి తూము సన్నగా ఉంటుంది, నీళ్లు కట్ట పొర్లి ఎవరికీ కాకుండా పోతాయి. కాలువను చూసినవాడు నీళ్లు నిండుగా వచ్చాయనే అంటాడు. డాబా మీది మొదటి డబ్బా చేసింది అదే. గాలిలో వచ్చిన ప్రతి ముక్కకూ ఊఁ కొట్టింది. కేంద్రంలోని డబ్బా అది నమ్మి ముందుకు సాగింది. ఊఁ కొట్టిన ముక్కలేమో రెండో డబ్బాకు అందించే తీగ దగ్గర పొర్లిపోయాయి. చివరికి సూర్యాపేట కంప్యూటర్ ఇది లేదు, అది లేదు అంటుంటే, పంపే కంప్యూటర్ దారి రద్దీగా ఉందేమోనని అడుగు నెమ్మది చేసింది. బొమ్మ గడ్డకట్టింది.

డాబా ఎక్కాడు. తీగ దిగే చోట లైటు నారింజ రంగులో ఉంది, అంటే పదోవంతు వేగం. మూత విప్పాడు. తీగ కొనలో ఎనిమిది సన్నని రేకుల్లో ఒకటి చిలుము పట్టి పచ్చబడింది, దాని చుట్టూ తెల్లటి పొర.

వేలితో గీకి వాసన చూశాడు. కొబ్బరి.

ఈ డబ్బాలు బిగించిన రోజు గుర్తొచ్చింది. పని మొదలుపెట్టిన చోటల్లా ఆయన స్తంభం మొదట్లో కొబ్బరికాయ కొడతాడు. ఇక్కడ స్తంభం లేదు. "డబ్బానే దేవుడు, డబ్బా మీదనే పొయ్" అన్నాడు బిచ్చా. మూత బిగించకముందే రెండు చిప్పల నీళ్లూ భక్తిగా రెండు డబ్బాల మీదా ఒంపింది లింగస్వామి చెయ్యే. పైగా ఆ రోజు మూరెడు తీగే కదా అని చివరి దాకా జోరుగా పంపి చూడలేదు. అన్నీ గ్రీన్ అన్న వినయ్ మాటకు ఊఁ కొట్టి వచ్చేశాడు.

"నేనే కొట్టిన" అన్నాడు పైకి.

"ఏంది సారూ?"

"కాయ గూడ, ఊఁ గూడ."

కొన కోసేసి కొత్తది బిగించాడు. లైటు ఆకుపచ్చకు తిరగకముందే, ఇంకా నారింజగానే ఉండగా, అలవాటుగా అడిగాడు. "ఇప్పుడేం రంగుంది బిచ్చన్నా?"

"ఆకుపచ్చనే."

బిచ్చా లైటుకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. లింగస్వామి లైటును చూశాడు, ఆయన కళ్లను చూశాడు. ఫోన్‌లో మర్యాద అనుకున్నది ఇక్కడ మర్యాద కాదు. మూత బిగించి, కిందికి దిగాక పుష్పాబాయితో అన్నాడు. "శనివారం ముందుగాల మీ మామను కూసోబెట్టు."

"మా మామా? ఆయనకు సక్కెర ఉందన్నా, కండ్లు మాత్రం మంచిగున్నయంటడు. ఎన్నిసార్లు అడిగినా గదే మాట."

"నువ్వు కనబడుతుందా అని అడుగుతున్నవ్. ఏం కనబడుతుందో అడుగు."

మళ్లీ జోరుగా పంపిన వెయ్యిలో పోయినవి రెండు. అది గాలి వాటా, దానికో ఏర్పాటు చేశాడు. కదిలే బొమ్మలో పోయిన ముక్కను మూడుసార్లు మాత్రమే విసరాలి, అప్పటికీ అందకపోతే వదిలేయాలి. ఆలస్యంగా వచ్చిన ముక్క కోసం బొమ్మంతా ఆగకూడదు. దాచే ఫొటోలో మాత్రం ఒక్క ముక్క తక్కువైనా దొరికేదాకా అడుగుతూనే ఉండాలి.

శనివారం బిచ్చా గడ్డం మిషన్‌కు ఆనించి కూర్చున్నాడు. సూర్యాపేట నుంచి డాక్టర్ గొంతు స్పీకర్‌లో వినబడింది. "కొంచెం ఎడమకమ్మా. ఊఁ. ఇంకొంచెం. ఊఁ."

లింగస్వామి స్పీకర్ దగ్గరికి వంగాడు. "సార్, ఏం కనబడుతుందో చెప్పండి."

"ఎవరది? లైను ఆయనా?" డాక్టర్ నవ్వాడు. తర్వాత నవ్వు లేని గొంతుతో, "సన్న నరాలు కూడా కనబడుతున్నయి. కింది వైపు ఆరు నెత్తుటి చుక్కలు, నడుమ వాపు. కుడి కన్ను ఇంకా ఎక్కువ. పెద్దాయన్ని బుధవారం తీసుకురండి. ఇప్పుడొస్తే ఉన్న చూపు నిలబెట్టొచ్చు" అన్నాడు.

పుష్పాబాయి చేయి మిషన్ మీద అలాగే ఉండిపోయింది. "మామా, నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మిషన్ కోసం తిరుగుతున్నవు. మళ్ల నా కోసం గూడ తిరుగుతవని."

"మిషన్ మరి ఎవరి కోసం మామా" అంది ఆమె. కళ్లు తుడుచుకుని, తర్వాతి మనిషిని పిలిచింది.

సాయంత్రానికి ఇరవై మందివి నలభై కళ్లు, ఒక్క గడ్డకట్టిన బొమ్మ లేకుండా సూర్యాపేట చేరాయి. మిషన్ ఎక్కడికీ కదలనక్కర్లేదని డాక్టర్ తానే రాసి పంపుతానన్నాడు. వెళ్లేముందు లింగస్వామి డాబా ఎక్కాడు. వెనకే మెట్టు మెట్టూ తడుముకుంటూ బిచ్చా వచ్చాడు.

"ఈ డబ్బాకు లైట్లు ఎన్నున్నయ్ బిచ్చన్నా?"

బిచ్చా చాలాసేపు చూశాడు. మెడ ముందుకు చాచాడు, వెనక్కి తీశాడు.

"రెండు అనుకుంట తమ్మీ. మూడోది ఉందేమో, నాకైతే కనబడ్తలేదు" అన్నాడు.

"గిప్పుడు జెప్పినవ్" అని లింగస్వామి ఆయన చేయి పట్టుకుని మెట్లు దింపాడు.