పది గంటలు నిండని ఇంజను

మా బాబాయి మొన్న గురువారం పోయారు. ఫోనులో తమ్ముడు "పెద్దక్కా, బాబాయి..." అని ఆగిపోయాడు. మిగతాది నాకు అర్థమైంది. ఆ క్షణాన కళ్ళ ముందుకు వచ్చింది మాత్రం రెండు నెలల కిందటి ఒక ఉదయం.

అప్పుడు నేను అత్తిలి నుంచి పుట్టింటికి వెళ్ళి ఉన్నాను. గుండుగొలను దాటి కొల్లేటి వైపు వెళితే మా చేపల చెరువు. మేత చల్లే పడవకు తమ్ముడు కొత్త ఇంజను కొన్నాడు. ఆ చుట్టుపక్కల ఎవరు కొత్త ఇంజను కొన్నా ముందు బాబాయి చేతికే ఇచ్చేవారు. మొదటి పది గంటలూ ఆయన సగం స్పీడు దాటనిచ్చేవారు కాదు. గంట తిప్పి ఆపేవారు. అరచెయ్యి ఆనించి వేడి చూసేవారు. గంటకొకటి చొప్పున పడవ చెక్కకు పసుపు బొట్టు పెట్టేవారు. ఎవరైనా తొందరపెడితే, "నువ్వు పుట్టగానే పరిగెత్తావేంట్రా?" అని నవ్వేవారు.

ఆ ఉదయం దేవుడి దగ్గర దీపం పెట్టి, కాఫీ పట్టుకుని గట్టు మీదకు వెళ్ళాను. పడవకు ఆరు బొట్లు ఉన్నాయి. మబ్బు పట్టి గాలి ఆడటం లేదు.

"పంచదార వెయ్యలేదేంటి అమ్మలూ? నాకు షుగరొచ్చిందని ఎవరన్నా చెప్పారా?" అన్నారు బాబాయి.

నవ్వుతూ పక్క చెరువు కేసి చూశాను. చేపలు గాలి అందక నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతున్నాయి. కరెంటు పోయి, నీళ్ళు చిలికే మిషన్లు ఆగిపోయాయి. ఆ చెరువు వాళ్ళకీ తమ్ముడికీ గట్టు తగాదా, మాటల్లేవు. తమ్ముడు ఏలూరు వెళ్ళాడు.

"పడవ అటు దింపి నీళ్ళు కలియతిప్పండి బాబాయ్."

"సగం స్పీడుకి అంత చెరువు కదలదమ్మా."

"అయితే ఫుల్లు పెట్టండి. చూస్తూ చావనిస్తామా?"

"ఇంజను బిగిసి పట్టేస్తుందేమో."

"దేవుడున్నాడండీ. పెట్టండి."

ఆయన కూలీలను కేకేశారు. కూలీలు పడవను గట్టు మీదుగా ఈడ్చి అటు దింపారు. బాబాయి ఫుల్లు స్పీడులో గంటన్నర తిప్పారు. చేపలు లోపలికి దిగాయి. ఆ తర్వాత ఇంజను కీచుమని ఆగిపోయింది. ఎంత లాగినా స్టార్టు చేసే తాడు కదల్లేదు.

తమ్ముడు వచ్చి కూలీలందరి ముందూ అన్నాడు: "ముప్పై ఏళ్ళు ఇంజన్లతో బతికిన మనిషి చేసే పనేనా బాబాయ్ ఇది? ఇక మీరు ఇంజను జోలికి రాకండి."

బాబాయి నా వైపు ఒకసారి చూశారు. "నాదే పొరపాటురా," అన్నారు.

నేను నోరు విప్పలేదు. తక్కువ మాట్లాడతానని అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఆ రోజు ఆ మెచ్చుకోలు చాటున దాక్కున్నాను. దేవుడి ముందు కూర్చున్నా జపం సాగలేదు.

ఆ తర్వాత ఆయన చేతికి ఎవరూ కొత్త ఇంజను ఇవ్వలేదు. పొద్దున్నే కాలవ గట్టున నిలబడి, వెళ్ళే పడవల మోత వింటూ, "వీడు తొందరపెడుతున్నాడు, పాపం కొత్తది," అని తనలో తాను అనుకునేవారట. పిన్ని చెప్పింది. నాకు ఫోను చేసినప్పుడల్లా "మీకు వానలు పడ్డాయా అమ్మా?" అని అడిగేవారు. ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆయనకు పిల్లలు లేరు. చితికి నిప్పు పెట్టింది తమ్ముడే. నిన్న సాయంత్రం మాత్రం, పిన్ని దగ్గర కూర్చుని ఉండగా, "పెద్ద కర్మకి నేను కూర్చోలేనక్కా. ఏ మొహం పెట్టుకుని?" అన్నాడు.

అప్పుడు చెప్పాను, అంతా.

వాడు, "ఆ రోజే ఒక్క మాట అనకపోయావా?" అన్నాడు.

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుంది. "మాకు చెబితే సరిపోదమ్మా. ఆయన పేరు పోయింది ఇంట్లో కాదు కదా."

పెద్ద కర్మకు తమ్ముడే కూర్చోవాలని నిర్ణయమైంది. ఆ రోజు గట్టు మీద ఉన్న కూలీలనూ, పక్క చెరువు వాళ్ళనూ భోజనానికి పిలవాలని, అందరూ బంతిలో కూర్చుని, ఆకులు వేసి నీళ్ళు చల్లాక, వడ్డన ఇంకా మొదలుకాకముందు, నేను లేచి నిలబడి చెప్పాలని.