మునెప్ప మూడు జాడీలు

1981లో ఎక్సైజ్ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా నన్ను పుంగనూరుకు బదిలీ చేశారు. చేరిన రెండో వారంలోనే ఒక ఆకాశరామన్న అర్జీ వచ్చింది. రామసముద్రం దగ్గరి పల్లెలో మునెప్ప అనే ఆయన ఇంట్లో సారా కాస్తున్నాడని ఫిర్యాదు. ఆ నెల మా సర్కిల్‌లో కేసులు తక్కువ. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం నా చేతిలో పెట్టి, సారా కేసు కట్టుకునే రమ్మన్నారు.

ఇద్దరు గార్డులను, సోదాకు సాక్షులుగా ఇద్దరు ఊరి పెద్దమనుషులను వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్లాను. మునెప్పకు అరవై దాటాయి. బెంగళూరులో ఒక బీరు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి, సొంత ఊరికొచ్చి చేను చూసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి కంగారుపడలేదు. తానే లోపలికి తీసుకెళ్లాడు.

"సారా కాసేదానికి బట్టీ యాడుండాది సార్? మీరే సూడండి."

నిజంగానే లేదు. సారా కావాలంటే పులిసిన ఊటను కాచి ఆవిరి పట్టాలి. అక్కడున్నవి మూడు జాడీలు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, రాగులు, పాత స్నేహితుడెవరో బెంగళూరు నుంచి పంపిన, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు. అది బీరు. అయితే లైసెన్సు లేకుండా బీరు చేయడమూ నేరమే.

పంచనామాలో "మూడు జాడీల బీరు" అని రాయబోతే మునెప్ప నొచ్చుకున్నాడు.

"అట్ల కలిపి రాయాకండి సార్. ఇది బార్లీది, తేటగా ఉంటాది. ఇది సగం రాగులది. ఇది మాడ్చిన రాగులది, నల్లది. ఒక్కోటి ఒక్కో రకం."

అలాగే రాసి, మూడు సీసాల్లో శాంపిల్ తీసి విడివిడిగా లక్క సీలు వేశాను. మిగతాది గార్డులు పెరట్లో పారబోస్తుంటే ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు ఆయన భార్య రత్నమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"సార్, పొట్టేలు కూరలో నల్లది పోసేసినా. బజ్జీల పిండిలో తేటది కలిపినా. అదీ పారబోస్తారా? కాగితే మత్తు పోతాదప్పా, కూర మెత్తబడతాది, అంతే."

మా మాన్యువల్లో కూర ప్రస్తావన ఎక్కడా లేదు. వదిలేయమన్నాను. సాక్షుల్లో ఒకాయన, సంతకం పెట్టే ముందు రుచి చూడాల గదా అంటూ వంటింటి వైపు నడిచాడు. నేను తల వంచి రాసుకుంటూ ఉండిపోయాను. నాకూ ఒక ఆకులో నాలుగు బజ్జీలు వచ్చాయి. తిన్నాను. అంత కరకరలాడే బజ్జీలు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఆఫీసుకు రాగానే సర్కిల్ ఇన్‌స్పెక్టర్, బట్టీ దొరికిందని ఒక్క వాక్యం చేర్చమన్నారు. ఆ వాక్యం చేరిస్తే మునెప్ప జైలుకు వెళ్తాడు. సాక్షుల సంతకాలు అక్కడే అయిపోయాయని, ఇక ఏమీ కలపనని చెప్పాను. చాలాకాలం ఆయన నాతో మాట్లాడలేదు. ఆ ఏడు నా పనితీరు మీద రాసే రహస్య నివేదికలో "చొరవ తక్కువ" అని రాశారు.

రసాయన పరీక్షలో అది పులియబెట్టిన బీరేనని తేలింది. మదనపల్లె కోర్టులో మునెప్ప తప్పు ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు మళ్లీ చేయనని బాండు రాయించుకుని, హెచ్చరించి వదిలేశారు. మునెప్ప మాట నిలబెట్టుకున్నాడు. ఆ తర్వాత రాగులు మొలకెత్తించింది పసిపిల్లల జావ పిండికి మాత్రమే.

తర్వాత కుప్పంలో నా కింద చేరిన వాళ్లకు ఒకటే చెప్పేవాడిని: పంచనామా సోదా చేసిన చోటే పూర్తి చేయండి, కళ్లతో చూసిందే రాయండి. ఆఫీసుకొచ్చాక అందులో చేర్చే ఒక్క వాక్యంతో ఒక మనిషి జీవితం పోవచ్చు.