కొసరుగా దొరికిన బడి

ప్రొద్దుటూరు బట్టల బజారులో నాకంటే బాగా బేరమాడేవాడు లేడు. రుజువు కావాలంటే వినండి. ఊళ్లోకెల్లా గొప్ప పేరున్న ఎయిడెడ్ బళ్లో మా అమ్మాయికి ఎనిమిదో తరగతి సీటును ఒక్క పైసా డొనేషను కట్టకుండా, యూనిఫాం గుడ్డ బేరంలో కొసరుగా రాబట్టినవాణ్ణి నేను. తక్కిన అంగళ్లవాళ్లు ఆ సీటు కోసం పెళ్లాల గాజులు కుదువ పెట్టారు. నేను రెండు మాటలు ఖర్చు పెట్టాను. ఇంత తెలివైన తప్పు మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ చేయలేదు.

కొసరంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియకపోవచ్చు. మా నాయన గజంబద్దతో గుడ్డ కొలిచి, కత్తెర పెట్టేముందు నాలుగు వేళ్లు ముందుకు జరిపేవాడు. ఆ నాలుగు వేళ్ల గుడ్డే కొసరు. అడిగి పుచ్చుకోవడం కొనేవాడి హక్కు, సణుక్కుంటూ ఇవ్వడం అమ్మేవాడి మర్యాద. దానికి బిల్లు ఉండదు. బిల్లు లేనిదాని గురించి మళ్లీ మాట్లాడకూడదన్నది కూడా మా బజారు కట్టుబాటే. ఆ రెండో సంగతి నాకు తెలియక కాదు, ఆ పూట గుర్తురాలేదు.

అప్పటిదాకా మా అమ్మాయి మున్సిపాలిటీ బళ్లో చదివేది. పెంకులు జారిన కప్పు, గేటు లేని ఆవరణ, వరండాలో మేకలు. కానీ అక్కడ లెక్కల సారు ఒకాయన ఉండేవాడు. పక్క వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న సాయిబుల ఇంటి పెద్దకొడుకు. సుద్దముక్క గోరంత అయ్యేదాకా పారేసేవాడు కాదు, పిల్లకు అర్థమయ్యేదాకా లెక్కా వదిలేవాడు కాదు. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలో మా పిల్లకు లెక్కల్లో తొంభై ఎనిమిది వచ్చాయి. ఇంజనీరవుతానని తనంతట తానే తేల్చేసింది. అంగట్లో నేను కాగితం మీద కూడేలోపు నోటితో మొత్తం చెప్పేది. కొనేవాళ్ల ముందు అది నాకు కొంత నామోషీ, చాలా గర్వం.

మరి ఎందుకు మార్చానంటే, గోడ. ఊరు రెండు వర్గాలుగా, రెండు జీపులుగా చీలి నాటుబాంబులు విసురుకునే రోజులవి. జమ్మలమడుగు వైపు ఎవరికో దెబ్బ తగిలితే ఇక్కడ బజారు మూతపడేది. షట్టరు సగం దించి, కిందనుంచి గుడ్డ అందించే విద్య మాకు అప్పుడే పట్టుబడింది. ఎయిడెడ్ బడికి రెండు నిలువుల ప్రహరీ, ఇనుప గేటు, తుపాకీ లేకపోయినా మీసమున్న వాచ్‌మన్. టై, బూట్లు, పొద్దున్నే ఇంగ్లీషు ప్రార్థన. ఆ గోడ లోపల పిల్లను పెడితే ఊరు బయటే ఉండిపోతుందని అనుకున్నాం. బడి పెట్టింది ఒక కమిటీ. అయ్యవార్లకు జీతాలిచ్చేది ప్రభుత్వం. ఎవరిని అయ్యవారుగా పెట్టాలో చెప్పేది కమిటీ. ఈ ఏర్పాటు విని నేను మురిసిపోయాను. సర్కారు దుడ్లు, ప్రైవేటు క్రమశిక్షణ, ఇంతకంటే మంచి బేరం ఉంటుందా అని అందరికీ చెప్పుకు తిరిగాను.

పులివెందుల నుంచి చీనీకాయలు తెచ్చిన మా బామ్మర్దికీ చెప్పాను. తోటల్లో బతికినవాడు. కాయ ఒలుచుకుంటూ, "తోట ఒకడిది, నీళ్లు ఒకడివి, కాయ కోసుకునేది ఇంగొకడు. చెట్టు ఎండితే ఎవుర్ని అడగాల బావా?" అన్నాడు. చదువులేనివాడి మాట అని నవ్వేశాను. నేను చదివింది తొమ్మిది.

కమిటీ తరఫున బడి నడిపే కరస్పాండెంటు మా అంగడికి వచ్చింది పొద్దున్నే, బోణీ కాకముందు. బోణీ బేరాన్ని ఒట్టి చేతులతో పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవాలని మాకు నమ్మకం. ఆయనకు ఆ సంగతి తెలుసు, అందుకే ఆ వేళకు వచ్చాడు. ఆరువందలమంది పిల్లలకు నీలం గుడ్డ, తెల్ల గుడ్డ కావాలన్నాడు. గజానికి నేను చెప్పిన ధరలో మూడోవంతు కోశాడు. నేను ఏడుపుమొహం పెట్టి సగం వెనక్కి లాగాను. చివరికి ఇద్దరమూ ఓడిపోయినట్టు నటించే ధర దగ్గర ఆగాం.

"మరి నా కొసరు?" అన్నాను.

"ఏం కావాల్నో చెప్పు శెట్టీ."

"మా పాపకు ఎనిమిదిలో సీటు."

ఆయన పెద్దగా నవ్వాడు. "కొసరే కదా, తీసుకో పో," అన్నాడు. ఆ నవ్వు నాకు ఓటమి నవ్వులా వినిపించింది. సాయంత్రానికి బజారంతా ఆ కథ నా నోటనే విన్నది.

ఆ బళ్లో మంచి ఏమీ లేదంటే అబద్ధం. తెలుగు చెప్పే ఆమె ఎంత బాగా చెప్పేదంటే, మా పిల్ల ఇంటికొచ్చి పద్యాలు రాగం తీసి చదివేది, మా ఆవిడ వంట ఆపి వినేది. గంట సరిగ్గా కొట్టేవాళ్లు. శుభ్రమైన నీళ్లకుండలు, ఆడపిల్లలకు తలుపున్న మరుగుదొడ్లు ఉండేవి. మున్సిపాలిటీ బళ్లో ఈ చివరిది లేక ఎంతమంది మానేశారో నాకు తెలుసు. కానీ లెక్కల అయ్యవారు మాత్రం కరస్పాండెంటు చెల్లెలి మొగుడు. ప్రభుత్వం జీతమిచ్చే పోస్టు అది. ఆయన ఒకటో తారీకున వచ్చి నెలంతటికీ సంతకాలు పెట్టి, మళ్లీ జమ్మలమడుగులో సైకిల్ స్టాండు కాంట్రాక్టు చూసుకోవడానికి పోయేవాడు. ఆ పీరియడులో డ్రిల్లు మాస్టారు వచ్చి కూర్చుని పిల్లలను చప్పుడు చేయవద్దనేవాడు. చప్పుడు లేదు కాబట్టి క్రమశిక్షణ ఉన్నట్టే.

ఇక గోడ. కమిటీ పెద్దలకు కావలసిన నాయకుడు ఎవరైనా ఊళ్లోకి వస్తే, పిల్లలందరినీ గేటు బయటికి తెచ్చి రోడ్డుకు రెండు పక్కలా బంతిపూలతో నిలబెట్టేవాళ్లు. పది గంటలకు వస్తాడన్న జీపులు ఒంటిగంటకు వచ్చేవి. బాంబుల భయానికి గోడ లోపల పెట్టిన పిల్లలు, బాంబు పడితే ఏ జీపు మీద పడుతుందో ఆ జీపుకు రెండడుగుల దూరంలో ఎండలో నిలబడేవాళ్లు. మేం అంగళ్ల ముందు నుంచి చూసేవాళ్లం. యూనిఫాంలు వరసగా ఎంత అందంగా ఉన్నాయో, గుడ్డ నాది కదా అనుకున్నాను ఒకసారి. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉండవచ్చు గానీ, అనుకున్నాను.

తొమ్మిదో తరగతి సగంలో మా అమ్మాయి అంగట్లోకి వచ్చి, కొనేవాళ్లు పోయేదాకా కాచుకుని, నోటుబుక్కు నా ముందు పెట్టింది. నాలుగు పేజీల లెక్కలు, తక్కినదంతా తెల్ల కాగితం.

"నాయినా, నేను మున్సిపాలిటీ బడికే పోతా. ఈడ లెక్కలు చెప్పేటోళ్లు ల్యారు. పదిలో మార్కులు రాకుంటే నాకు ఎంపీసీ ఎవురిస్తారు?"

లోపల గదిలో మరుసటి ఏటి ఆర్డరు కోసం ముందే తెప్పించిన నీలం గుడ్డ మూడు బేళ్లున్నాయి. పిల్లను మాన్పిస్తే ఆయన ఆర్డరు మాన్పిస్తాడు.

"జూన్ దాకా ఆగమ్మా," అన్నాను.

ఆమె బేళ్ల వైపు చూసింది. నోటుబుక్కు మూసుకుని పోయింది. కూడికలు ఎప్పుడూ నాకంటే ముందే చేసేది.

ఆమె ఆగింది గానీ నేను మాత్రం కరస్పాండెంటు దగ్గరికి పోయాను, లెక్కల అయ్యవారి సంగతి మర్యాదగా కదిపాను. ఆయన తమలపాకుకు సున్నం రాసుకుంటూ అన్నాడు: "డొనేషను కట్టినోడు అడిగినాడంటే అర్థముంది. నువ్వు కొసరుగా అడిగి తీసుకున్నావు కదప్పా. కొసరు గుడ్డలో పోగు పోయిందని యాడన్నా తిరిగి తెస్తారా?"

నా విద్యనే నాకు అప్పజెప్పాడు. మెచ్చుకోలుగా నవ్వి వచ్చేశాను. నవ్వకుండా ఉంటే బేళ్లు ఏమయ్యేవి?

జూన్ వచ్చింది. బేళ్లు ఏమయ్యాయో అప్పుడు తెలిసింది. కమిటీలో రెండు వర్గాలు చీలాయి. ఒకరోజు పొద్దున కొత్తవాళ్లు వచ్చి ఆఫీసు గది తాళం పగలగొట్టి తమ తాళం వేసుకున్నారు. తమకొక కరస్పాండెంటును ఎన్నుకున్నారు. మొదటి తీర్మానం యూనిఫాం రంగు గురించి. నీలం పాతవర్గం జీపుల రంగట, ఇకమీదట వంగపండు రంగన్నారు. రెండో తీర్మానం లెక్కల అయ్యవారి సస్పెన్షను. ఆయన కోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నాడు. దాంతో ఆ పోస్టులో మనిషి లేడు, పోస్టు ఖాళీ కూడా లేదు.

ఆర్డరు పోయింది కాబట్టి నాకు ఇప్పుడు ధైర్యమొచ్చింది. పిల్లకు టీసీ ఇమ్మని హెడ్మాస్టరు దగ్గరికి పోయాను. మంచివాడు, పదవీ విరమణకు ఏడాది ఉంది. తలుపు దగ్గరికి వేసి చెప్పాడు: "టీసీ మీద కరస్పాండెంటు సంతకం ఉండాల. పాతాయన దగ్గరికి పోతే కొత్తాయనకు కోపం, కొత్తాయన దగ్గరికి పోతే పాతాయన మనుషులు నన్ను బస్టాండులో నిలబెడతారు. నన్ను ఇడిసిపెట్టప్పా." ఇద్దరు కరస్పాండెంట్ల ఇళ్ల చుట్టూ తిరిగాను. ఒక్కొక్కరూ రెండోవాడి దగ్గరికి ముందు పోయినందుకు నన్ను తిట్టారు. ఈలోగా పదో తరగతి పేర్ల జాబితా పై ఆఫీసుకు పోయింది. దాని తర్వాత మార్చేది లేదు.

నాకు చెప్పకుండానే మా అమ్మాయి మున్సిపాలిటీ లెక్కల సారు ఇంటికి పోవడం మొదలుపెట్టింది. పరీక్షలకు నాలుగు నెలలున్నాయి అప్పటికి. సంగతి తెలిసి నేను మంచి చొక్కాగుడ్డ ఒకటి తీసుకుని ఆయన ఇంటికి పోయాను. ఆయన దాన్ని వేళ్లతో పట్టి చూశాడు.

"మంచి గుడ్డే. తీసకపో శెట్టీ. నా బడి యాడుందో నీకు తెల్సు, నేను యాడుండానో తెల్సు. తొంభై ఎనిమిది తెచ్చిన పాపను ఎందుకు తీసకపోయినావు?"

"కొసరుగా వచ్చింది సార్," అన్నాను. ఆయన నవ్వుతాడని అనుకున్నాను.

ఆయన గుడ్డ మడత పెట్టి నా చేతిలో పెట్టి, అమ్మాయి వైపు తిరిగి, "త్రికోణమితి తియ్యమ్మా," అన్నాడు.

నీలం గుడ్డను దిండు గలీబులుగా కుట్టించి అమ్మాను. అమ్ముడుపోనివి మా ఇంట్లో చాలా ఏళ్లు వాడాం. మా అమ్మాయి కూడా వాటి మీదే పడుకుంది. ఆమెకు ఎంపీసీ సీటు రాలేదు. సీఈసీ చదివింది. ఇప్పుడు ఒక సహకార బ్యాంకులో పనిచేస్తోంది, నెమ్మదస్తురాలని పేరు. బాగానే ఉంది. బాగానే ఉందనడం నాకు అనుకూలమైన మాట అని కూడా తెలుసు.

ఇక చివరి బిల్లు. ఆ బడికి జమ: తెలుగు, తలుపున్న మరుగుదొడ్డి, సమయానికి గంట. గోడకు ఏమీ రాయను. లెక్కల్లో ఏడులో తొంభై ఎనిమిది, పదిలో నలభై ఆరు. ఆ నలభై ఆరులో సగానికి పైగా నాలుగు నెలల్లో సారు ఇచ్చినవే, చొక్కాగుడ్డ కూడా పుచ్చుకోకుండా. తరుగు యాభై రెండు. అందులో సగం కరస్పాండెంట్లు ఇద్దరూ పంచుకోవచ్చు. తక్కిన ఇరవై ఆరు నావి. తొమ్మిదిలో ఆమె వచ్చి అడిగినప్పుడు టీసీ మీద సంతకం పెట్టడానికి కరస్పాండెంటు ఒక్కడే ఉన్నాడు, జూన్ దాకా ఆగమన్నది నేను.