పసుపు పూసిన రాయి

నేను హనుమకొండలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పోయిన ఎండాకాలం మా విద్యార్థిని స్వప్న వాళ్ల నాన్న మల్లయ్య, మరిపెడ నుంచి తువ్వాలలో ఒక నల్లరాయి చుట్టుకొని కూతురితో కలిసి వచ్చాడు.

“చెలక దున్నుతాంటె దొరికింది మేడం. ఆకాశంల నుంచి పడ్డదా, జర చూడుండ్రి.”

చేతిలోకి తీసుకుంటే, ఉల్కలాగే మామూలు రాళ్ల కన్నా చాలా బరువుంది. ఉల్కల్లో నికెల్ ఉంటుంది. తడి దూదితో రాయిని రుద్ది, దూది మీద అమ్మోనియా, పరీక్ష మందు చుక్కలు వేస్తే, నికెల్ ఉంటే ఎర్రబడుతుంది. వేశాను. ఎర్రబడింది!

“ఉల్కే!” అని వరండా దద్దరిల్లేలా అరిచాను. ప్రిన్సిపాల్ గారు స్టాఫందరితో పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకొని ఊపేశారు. తర్వాత తన అరచేయి చూసుకున్నారు.

“మేడం, ఈ పసుపేంది?”

“మా అమ్మ రోజూ రాయికి పసుపు రాసి మొక్కుతాంది సార్. తుడిచే తెచ్చినం,” అంది స్వప్న.

నాకప్పుడు గుర్తొచ్చింది. అమ్మోనియా తగిలితే పసుపు కూడా ఎర్రబడుతుంది! రాయిని సబ్బుతో కడిగి మళ్లీ పరీక్షించాను. దూది తెల్లగానే ఉండిపోయింది. అందరి ముందు తలెత్తలేకపోయాను.

మల్లయ్య మాత్రం బల్ల మీదికి వంగాడు. “రాయి సంగతి పోనియ్యుండ్రి మేడం. పసుపు ఎర్రగైంది గద, అది ఇంకోపారి చూపియ్యుండ్రి!”

ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇంకోసారి చూపించమని నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే.