పెదవి తగలని గొట్టం

గదిలో ఉన్నవి: ఊపిరి కొలిచే యంత్రం, దాని మీద గీతల కాగితం, ముక్కుకు పెట్టే క్లిప్పు, డబ్బా నిండా అట్టగొట్టాలు, గోడ గడియారం. ఉన్నవాళ్లు: నేను, పుంగనూరు వైపు పల్లె నుంచి వచ్చిన రైతు, ఆయన భార్య. బయట బెంచీ మీద కుప్పం నుంచి వచ్చిన ఇద్దరు. ఎనభైల మొదట్లో, మదనపల్లె ఆసుపత్రిలో నేను టెక్నీషియన్‌గా చేరిన తొలి ఏడాది అది.

రైతుకు రెండేళ్లుగా ఆయాసం. ఊళ్లో టీబీ అని తేల్చేశారు. కళ్లె పరీక్షలో మూడుసార్లూ ఏమీ లేదని వచ్చినా ఇంట్లో ఆయన కంచం, చెంబు వేరుగానే ఉన్నాయి. మూడు నెలల మనవరాలిని ఇంకా ఎత్తుకోలేదు. డాక్టరు నాకు చెప్పిన పని ఇది: మొదటి సెకనులో ఎంత గాలి వదులుతాడో కొలవాలి. పీల్చే మందు ఇచ్చి, ఇరవై నిమిషాలాగి మళ్లీ కొలవాలి. బాగా పెరిగితే బిగుసుకున్న ఊపిరి దారులు మందుకు తెరుచుకున్నట్టు, అంటే ఆస్తమా. పెరగకపోతే ఇంకా వెతకాలి.

ఊదాడు. కాగితం మీద గీత గీసే యంత్రం పెన్ను అర లీటరు కూడా దాటలేదు. రెండోసారీ అంతే. రాసుకున్నాను గానీ నమ్మబుద్ధి కాలేదు. అంత తక్కువ ఊపిరి ఉన్న మనిషి మాట్లాడుకుంటూ మెట్లెక్కి రాలేడు.

“గట్టిగా ఊదప్పా.”

“ఊదతానే ఉండా కదప్పా.”

“ఇంట్లో నా మీద అరిసేటప్పుడు ఆ గాలంతా యాడినుంచి వస్తాదో అడుగప్పా,” అంది భార్య.

“సుమ్నుండు మే,” అని కసిరాడు.

మూడోసారి పెన్నును వదిలేసి ఆయన నోటిని చూశాను. చెంబు ఎత్తి నీళ్లు పోసుకుని తాగే మనిషిలా, గొట్టాన్ని పెదవులకు తగలనివ్వకుండా పట్టుకుని ఊదుతున్నాడు. గాలి చాలావరకు పక్కకే పోతోంది. రాసిన అంకెలు కొట్టేశాను.

“యాలప్పా నోట్లో పెట్టుకోవు?”

“నా ఎంగిలి ఆ బయట కూసున్నోళ్లకు అంటదా? వాళ్లేం పాపం జేసినారు?”

ఆ అట్టగొట్టాన్ని ఆయన ముందే చింపి బకెట్లో వేశాను. ఒక్కొక్కరికి ఒక్కొక్కటని చెప్పి, డబ్బాలోంచి కొత్తది ఆయన్నే తీసుకోమన్నాను. ఈసారి పళ్ల మధ్య పెట్టుకుని పెదవులు బిగించాడు. మూడు కొలతలు దగ్గర దగ్గరగా వచ్చేదాకా నేను వదల్లేదు, ఆయనా కూర్చోలేదు. మొదటి సెకనులో 1.2 లీటర్లు.

మందు పీల్పించాను. ఆయన గడియారాన్నే చూస్తున్నాడు.

“పెరక్కుంటే?” అంది భార్య.

“పెరిగేదాకా ఊదతా.”

ఇరవై నిమిషాల తర్వాత లేచి ఊదాడు. స్కేలు పెట్టి చదివాను. మొదటి సెకనులో 1.8 లీటర్లు, సగానికి సగం పెరిగింది.