శరణమ్మకు ఇచ్చిన బోరు

1983లో నేను ప్రభుత్వ పథకాల ఎవాల్యుయేషన్ విభాగంలో పనిచేసేవాణ్ణి. పథకం వల్ల జనానికి నిజంగా ఏం ఒరిగిందో చూసి చెప్పడమే మా పని. ఆ వేసవిలో బోర్ల పథకం చూసి రమ్మని జహీరాబాద్ దగ్గర ఝరాసంగం వైపు పంపారు.

బోరు అందుకున్న సంగప్ప పొలంలో చెరకు, అల్లం పచ్చగా ఉన్నాయి. అక్కడితో ఆగితే పథకం గెలిచినట్టే. కానీ అప్పుడప్పుడే మేం సిస్టమ్స్ పద్ధతి నేర్చుకుంటున్నాం. అంటే పథకం అందినవాళ్లనే కాక, దానితో ముడిపడ్డ వాటన్నిటినీ కలిపి చూడటం. అందుకే గట్టు దాటి పక్క పొలంలోకి వెళ్లాను.

అది సంగప్ప వదిన శరణమ్మది. భర్త పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటోంది. ఆమె బావి అడుగున బురద తప్ప ఏమీ లేదు. ఉల్లి మడులు ఎండిపోయాయి.

“మరిది బోరేసినంకనే నీళ్లు దిగినయి సార్. ఆయన్నేమంట? సర్కారే ఇచ్చె గద,” అంది.

భూమి కింద అందరి నీళ్లూ ఒకటే కనుక కొత్త బోర్లు ఆపాలని, ఊరి నీటిని ఊరంతా పంచుకునే ఏర్పాటు చేయాలని రిపోర్టు రాశాను. పై అధికారి మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు, బావులు ఎండినవాళ్లకు కూడా బోర్లు వేయాలని ఉత్తర్వు వచ్చింది. నేను రాసింది అది కాదని, ఉత్తర్వు ఆపించమని ఆయన్ని బతిమాలాను.

“మనది బోర్లు వేసే పథకమయ్యా, ఆపేది కాదు,” అన్నారు.

రెండేళ్లకు మళ్లీ వెళ్లాను. శరణమ్మకు వేసిన లోతైన బోరు ఒక్క పంటకు నీళ్లిచ్చింది. దాంతో సంగప్ప బోరు ఆగిపోయింది. అతను ఇంకా లోతుకు వేయించాడు. చివరికి రెండూ ఎండిపోయాయి, రెండిళ్ల మధ్య మాటలు కూడా పోయాయి. సంగప్ప చెరకు కొట్టే పనికి కర్ణాటక వెళ్లిపోయాడు. శరణమ్మ రోడ్డు పనిలో కంకర మోస్తూ కనిపించింది. నన్ను గుర్తుపట్టి తట్ట దించింది. నేను ఏదో చెప్పబోతే ఆపేసింది.

“మాకింకేం ఇయ్యకున్రి సార్,” అంది. కోపంగా కూడా కాదు.

బోరును, బావిని, వదినా మరదుల్ని కలిపి చూడగలిగాను. నా రిపోర్టు చేరే ఆఫీసూ అదే సిస్టంలో భాగమని, ఏం రాసినా అది తనకు అలవాటైన పనే చేస్తుందని ఆమె ముందు నిలబడ్డప్పుడు అర్థమైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు రిపోర్టులు రాశాను. ఆ ఆఫీసు అలవాటును మార్చే దారి మాత్రం నాకు దొరకలేదు.