కొండెక్కిన పుట్టి

మా చెల్లెలు కృష్ణా కాలువ పక్కనున్న ఒక ఊరికి కోడలిగా వెళ్ళిన ఏడాది నాకు ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగం లేదు, చేతిరాత మాత్రం ముత్యాల్లా ఉండేది. ఈ రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఎంత ప్రమాదమో డెబ్బైల చివర్లో మా ఆదోనిలో ఎవరికీ తెలియదు.

వెళ్ళిన మొదటి నెలలోనే వాళ్ళ అత్తగారు అడిగిందట. "మీ ఊళ్ళో రాళ్ళు తప్ప చూడ్డానికి ఏముందమ్మాయ్?" వాళ్ళింటి ముందు కాలువ, వెనక కొబ్బరితోట, గాలి తిరిగితే అరటి ఆకుల చప్పుడు. మా ఇంటి ముందు రాయి, వెనక రాయి, గాలి తిరిగితే దుమ్ము. చెల్లెలు ఈ సంగతిని నవ్వుతూ రాసిందే తప్ప నన్నేమీ అడగలేదు. రోషం నాకే వచ్చింది. ఎంత రోషమంటే, ఇంట్లో ఉన్న సిరా సీసా సరిపోక పక్కింటి వాళ్ళది కూడా తెచ్చుకున్నాను.

ఆ ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఉత్తరం ఎవరికి వచ్చినా సరే, భోజనాలయ్యాక మామగారు వసారాలో కుర్చీ వేసుకుని పైకి చదువుతారు. ఇరుగుపొరుగు కూడా వచ్చి కూర్చుంటారు. వింతైన మాట తగిలినప్పుడల్లా ఆయన కళ్ళజోడు మీదుగా కోడలి వంక చూసి "నిజమేనా అమ్మాయ్?" అంటారు. ఆమె "అవును మామయ్యా" అనాలి. అలా అంటేనే చదువు ముందుకు సాగేది.

మొదటి ఉత్తరంలో నిజమే రాశాను. కొండ మీద పాత కోట, ఊళ్ళో పెద్ద మసీదు, పత్తి కాలంలో జిన్నింగు మిల్లుల దగ్గర గాల్లో ఎగిరే దూది. ఎవరూ ఆశ్చర్యపోలేదట. రెండో ఉత్తరంలో ఆ దూదిని మంచు చేశాను. మూడో దాంట్లో ఆ మంచు వీధుల్లో మోకాలి లోతుకు పేరుకుంది, జనం కంబళ్ళు కప్పుకుని తిరిగారు. నాలుగోది ఎమ్మిగనూరుకు కేటాయించాను. అక్కడి మగ్గాల మీద అగ్గిపెట్టెలో మడిచిపెట్టే చీర నేస్తారని రాశాను. ఆ తర్వాతి దాంట్లో కోట మీద వాననీళ్ళు నిలిచే గుండానికి వెళ్ళాను. తామరపూలు, హంసలు, సాయంత్రం పడవ షికారు. అంతటితో ఆగినా బాగుండేది. "చెల్లెలు చిన్నప్పుడు రోజూ ఆ పడవెక్కేది, కావాలంటే అడగండి" అని రాశాను.

అడిగారు. ఆమె "అవును మామయ్యా" అంది. అన్నను అబద్ధాలకోరని పదిమందిలో ఎలా అంటుంది? అలా రెండేళ్ళలో పదకొండు ఉత్తరాలకు సాక్ష్యం చెప్పింది.

ఆ మామగారు ముప్పై ఏళ్ళు కాలువ లాకుల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. పడవంటే ప్రాణం. నేను మర్చిపోయిన సంగతి అదొక్కటే. ఒక వేసవిలో ఆయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది: "మేమిద్దరం అమ్మాయిని తీసుకుని వస్తున్నాము. కాలువలో పడవలు చాలా చూశాను. కొండ మీద పడవ చూడలేదు. అదొక్కటి చూడాలి."

మా అమ్మ కార్డు విని పొయ్యి దగ్గర్నుంచే అంది. "ఇప్పుడే నిజం రాసెయ్‌రా. నువ్వు రాసిన రాతలకు ఆ పిల్ల ఆడ తల దించుకోవాల."

"తల ఎందుకు దించుకుంటుంది? నేను చూసుకుంటాలే" అన్నాను. ఒక కార్డు ముక్క మీద రెండు వాక్యాలు రాస్తే పోయేదానికి నేను తుంగభద్ర ఒడ్డుకు బయల్దేరాను.

అక్కడ చేపలు పట్టేవాళ్ళకు పుట్టి ఉంటుంది. వెదురు బద్దలతో అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పెద్ద బుట్ట. నదిలో అదే వాళ్ళ పడవ. ఒక పెద్దమనిషిని రెండు రోజులకు ఇమ్మని అడిగాను.

"యాడికప్పా?"

"ఆదోని కొండ మీదికి."

"కొండ మీద ఏరు పారతాందా?"

"ఏరు కాదు, గుండం."

"సేపలుండాయా?"

"లేవు."

ఆయన బీడీ తీసి నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "బుద్ధుండాదా అప్పా నీకు?"

"ఉంటే నీ దగ్గరికి ఎందుకు వస్తాను?"

ఆ మాటకు జాలిపడి ఇచ్చాడు. బస్సు పైన కట్టించేటప్పుడు కండక్టరు "ఇది లగేజీనా, ప్యాసింజరా?" అని పట్టుకున్నాడు. బస్సు కన్నా పుట్టే వెడల్పుగా ఉందని, మలుపుల్లో ఎద్దులబండ్లు దిగి దండం పెట్టాయని ఈ కథ చెప్పినప్పుడల్లా చెబుతుంటాను. అంత లేదు. ఆదోనిలో ఇద్దరు హమాలీలు దాన్ని నెత్తిన బోర్లించుకుని కోట మెట్లెక్కారు. వెనకాల నేను. వేసవి కాబట్టి గుండంలో పిక్కల లోతున పచ్చటి నీళ్ళున్నాయి. పుట్టిని నడిమధ్యలో పెట్టించి, తృప్తిగా దిగివచ్చాను.

మరునాడు చుట్టాలు దిగారు. మే నెల ఎండలో మామగారి మెడకు మఫ్లరు ఉంది. "మంచు పడుతుందన్నావుగా, జాగ్రత్తకి" అన్నారు. మా చెల్లెలు నా వంక చూడలేదు.

"మంచుకు ఇంకా కాలం రాలేదు మామయ్యా" అన్నాను.

ముందు వాళ్ళను ఎమ్మిగనూరు తీసుకెళ్ళాను. నిజానికి అక్కడ చూడవలసింది చాలానే ఉంది. వీధంతా మగ్గాల చప్పుడు, ఎండకు ఆరేసిన రంగు నూలు, గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసే మనుషులు. అత్తగారు అదంతా ముచ్చటపడి చూసి, ఒక నేతగాణ్ణి అడిగింది. "ఏదీ, అగ్గిపెట్టెలో పట్టే చీర చూపించు నాయనా."

ఆయన మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె ఆపాడు. "అగ్గిపెట్టెలో సీరనా? ఈడ నేసేది దుప్పట్లు, తువ్వాళ్ళు తల్లీ. కావాలంటే అగ్గిపెట్టెను దుప్పట్లో మడిసిస్తా, తీస్కపో."

వీధి వీధంతా నవ్వింది. అత్తగారు కూడా నవ్వింది. నవ్వుతూనే కోడలి వంక ఒకసారి చూసింది. ఆ చూపులో ఇంకా కోపం లేదు, లెక్క మొదలైంది. ఆ రాత్రైనా నేను నోరు విప్పి ఉండవలసింది. చెల్లెలు నీళ్ళ గోలెం దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు "పైన ఏమన్నా ఉందా అన్నా?" అని మాత్రం అడిగింది. "ఉంది, నువ్వు ధైర్యంగా ఉండు" అన్నాను. పాపం, ఉంది.

తెల్లవారగానే కొండెక్కాం. మామగారు ప్రతి పాతిక మెట్లకూ ఆగి, ఊపిరి పీల్చుకుని, "పడవ దాకా రానియ్యి, అక్కడ కూర్చుంటాను" అంటూ ఎక్కారు. గుండం కనిపించగానే ఆయన ముఖం చూడాలి. మిఠాయి చూసిన పిల్లాడు ఆయన ముందు సన్యాసి. చెప్పులు విప్పి, పంచె పైకి కట్టి, నీళ్ళలో దిగి, పుట్టి చుట్టూ తిరిగి, అడుగు తట్టి చూసి, "బుట్టలా ఉందే! ఇలాంటిది మా వైపు లేదోయ్" అంటూ లోపల కూర్చున్నారు. ఆయనతోపాటు పుట్టి కూడా బురదలో కూర్చుంది.

"కదలదేవిటోయ్?"

"నీళ్ళు కాస్త బద్ధకంగా ఉన్నాయి మామయ్యా. ఎండాకాలం కదా."

అంతలో ఒక మేకలకాపరి అటు వచ్చాడు. అత్తగారు ఆయన్ను పిలిచింది. "ఏమయ్యా, ఈ పడవ ఎన్నేళ్ళ నుంచి ఉంది ఇక్కడ?"

"ఎన్నేళ్ళేందమ్మా, మొన్ననే వచ్చె. ఇద్దరు మనుసులు నెత్తిన పెట్టుకోని వచ్చినారు. ఇంత పెద్ద గొడుగు యాడిదిరా అనుకుంటి. ఎనకాల ఈయప్పే నడస్తాండె."

"మరి ఇక్కడ పడవ షికారు చేస్తారటగా?"

"ఈ గుండంలోనా? నా మేకలు నడిసిపోతే వాటి కడుపు కూడా తడవదు."

ఆయన మేకల్ని తోలుకుంటూ పోయాడు. అత్తగారు నావైపు తిరగలేదు. కోడలి వైపు తిరిగింది. "రోజూ పడవెక్కానన్నావే? పదిమందిలో అవును అవును అన్నావే?"

చెల్లెలు కొంగు వేలికి చుట్టుకుంది. "అన్న తప్పేం లేదత్తయ్యా. నేనే అట్లా రాయమన్నాను. పుట్టింటి గురించి గొప్పగా ఉంటుందని."

నేను ఒక మాట అంటే చాలు. 'కాదు, నేనే రాశాను.' నా జీవితంలో నోటికి మాట రాని సందర్భం అదొక్కటే. అప్పుడు కూడా మాట రాక కాదు, వచ్చింది. మింగాను. మామగారు ఎవరి సాయమూ లేకుండా పుట్టిలోంచి దిగి, బురద కాళ్ళు కడుక్కుని, "ఎండెక్కుతోంది, దిగుదాం" అన్నారు. దిగేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తిట్టలేదు, పంపించెయ్యలేదు. నవ్వుల్లోకి దింపారు, అంతే. ఆ ఇంట్లో అబద్ధానికి 'ఆదోని పడవ' అని పేరు పడింది. పాలు విరిగాయని చెల్లెలు అంటే "నిజంగానా, ఆదోని పడవా?" అనేవాళ్ళు. తలనొప్పి అంటే అదే మాట. పాలవాడికి కూడా తెలిసింది.

ఎనభైల్లో ఒక వానాకాలం, ఆమె కాలువ మెట్ల మీద జారిపడి, చెయ్యి విరిగిందేమో అంది. అలవాటుగా ఎవరో ఆ మాటే అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్విందట. పసుపు, సున్నం పట్టు వేశారు. మూడో వారానికి కూడా వాపు తగ్గక, మోచెయ్యి దాకా పాకితే అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఎముక అప్పటికే వంకరగా అతుక్కోవడం మొదలుపెట్టింది.

ఇదేదీ నాకు ఆమె రాయలేదు. కొన్నాళ్ళకు వచ్చిన ఉత్తరంలో అక్షరాలన్నీ ఒక పక్కకు వాలి ఉంటే, ఏమైందని నేనే గుచ్చి గుచ్చి అడిగాను. విషయం తెలిసిన మర్నాడు రైలెక్కాను.

వసారాలో అత్తగారూ మామగారూ ఇద్దరూ ఉన్నారు. గుమ్మం దగ్గర చెల్లెలు కాఫీ గ్లాసు ఎడం చేత్తో పట్టుకుని నిలబడింది. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. "ఆ ఉత్తరాలన్నీ నా సొంతంగా రాసినవే. చెల్లెలికి సంబంధం లేదు. రాయొద్దని కాళ్ళావేళ్ళా పడి ఏడ్చింది. వినకుండా నలభై ఉత్తరాలు రాశాను."

మామగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నలభై ఎక్కడివోయ్? పదకొండే వచ్చాయి. నా ట్రంకులో ఉన్నాయి."

"పదకొండే. కానీ..."

"ఏడవడమూ అంతేలే. పెళ్ళయ్యాక ఆ అమ్మాయి ఇక్కడే ఉంది, నువ్వక్కడ ఉన్నావు. నీ కాళ్ళమీద ఎప్పుడు పడిందీ?"

ఒట్టు వేశాను. ఒట్టు వేసే కొద్దీ వాళ్ళ ముఖాలు మెత్తబడ్డాయి తప్ప నమ్మలేదు. అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెల్లెలి తప్పు నెత్తినేసుకోడానికి అంత దూరం నుంచి వచ్చాడండీ. అన్నంటే ఇలా ఉండాలి" అంది మామగారితో. తర్వాత కోడలి వైపు తిరిగింది. "మీ అన్నయ్య బంగారమమ్మాయ్. ఇంకెప్పుడూ అతని చేత అలాంటివి రాయించకు."

"రాయించనత్తయ్యా" అంది మా చెల్లెలు. గ్లాసు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.